చల్లారాక

ఆఫీసు గది, చెప్పులు కుట్టే దుకాణం పైన
సోమవారం

వదినకి,

ఫోన్ చేస్తే "బాగున్నాం, నువ్వు తిన్నావా" అని పెట్టేస్తావు. వెనకాల మిల్లు మోత. ఆ మోతలో నీ గొంతు కూడా అందరి గొంతులాగే వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరంలో అబద్ధం చెప్పాలంటే కనీసం ఒక పేజీ నింపాలి, నీకంత ఓపిక లేదని నాకు తెలుసు.

మా ఆఫీసంటే ఒక గది, ఒక వసారా. కింది దుకాణంలోని జిగురు వాసన మెట్లెక్కి మాకంటే ముందే వచ్చి కూర్చుంటుంది. పెద్దసారు, నేను, జమాఖర్చులు చూసే ఒకావిడ, అంతే జనం. చదువైపోగానే నేనేదో అద్దాల మేడలో కూర్చుంటానని అమ్మ అందరితో చెప్పుకుంది. ఇక్కడ ఉన్న ఒక్క కిటికీ అద్దం పగిలితే అట్టముక్క అంటించాం.

అయినా నాకిక్కడే బాగుంది. నువ్వు "చిలక" అని పేరు పెట్టి నవ్వావే, ఆ భాష నిజంగానే మీ అద్దకం మిల్లుకి వస్తోంది. యంత్రాలకి పని చెప్పే భాషలు బోలెడున్నాయి. వాటిలో వాక్యం ఎలా ఉండాలో ఎక్కడో ఎవరో ముందే తేల్చేసి ఉంటారు, మనిషే దానికి తగ్గట్టు నోరు వంకర తిప్పుకోవాలి. చిలక అలా కాదు. "ఇకనుంచి ఇదంటే అది" అని నేర్పితే నేర్చుకుంటుంది. మాటలే కాదు, వాక్యం అల్లికనే మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. అందుకోసం యంత్రం ఆపక్కర్లేదు కూడా. కాగు మరుగుతుండగానే కొత్త వాక్యం నేర్పి, ఆ వాక్యంతోనే దాన్ని నడిపించవచ్చు. మీ మేనేజరు దీన్ని కొన్నది అందుకే. కాగు మధ్యలో ఆపితే తాను తానంతా మచ్చలు పడుతుందట కదా.

నేను పెట్టి పంపినవి కొన్ని వాక్యాలే. నీళ్ళు నింపు. ఇంత వేడికి కాచు. రంగు వదులు. చల్లారాక మూత తెరువు. ఈ చివరిదాంట్లో మాత్రం జాగ్రత్త పడ్డాను. చల్లారాక అంటే వేడి అరవైకి దిగి, లోపలి ఒత్తిడి పూర్తిగా పోయాక అని. మిగతావన్నీ మీరే నేర్పుకోండి. అన్నయ్య కాగుల దగ్గరే ఉంటాడు కదా, వాడి నోట్లోంచి మాట ఊడిపడాలంటే పండగ రావాలి. కనీసం యంత్రంతోనైనా మాట్లాడతాడేమో చూడు.

నీ మరదలు


మిల్లు వెనక క్వార్టరు, వంటగది గుమ్మంలో కూర్చుని

అమ్మాయ్,

అబద్ధానికి ఒక పేజీ కావాలన్నావు. నిజానికి అంతకంటే ఎక్కువ కావాలి. అందుకే మేం బాగున్నామని చెప్పి ఊరుకుంటాం.

నీ చిలక వచ్చింది. మొదట్లో ఎవరూ దాని మొహం చూడలేదు. మీ అన్నయ్య ఒక్కడే ఆ తెర ముందు నిలబడి, మా చెల్లెలు కన్నదని వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాడు. "పెళ్ళి కాకుండానే మేనల్లుణ్ణి ఇచ్చిందా నీకు?" అని గడియారం అడిగితే నవ్వు ఆపుకోలేక అందరం తొట్ల వెనక్కి పోయాం. గడియారం అంటే కాగుల మీద మీ అన్నయ్యతో పాటు పనిచేసే మనిషి. పనిలోకి దిగిన నిమిషం నుంచీ ఇంటికెళ్ళే టైమెంతయిందని అడుగుతుంటాడు, అందుకా పేరు. నోరు కాస్త దూల. మనిషిని ఇంకా తూకం వేయలేదు నేను.

వాళ్ళిద్దరే దానికి మొదటి పాఠం చెప్పారు. రంగు పట్టేదాకా తిప్పు అంటే నీ చిలకకి తెలియలేదు, ఎన్నిసార్లు తిప్పాలో అంకె చెప్పమంది. రంగు పట్టడానికి అంకెలేమిటి? ఒక్కో నూలు ఒక్కోలా తాగుతుంది. తాను కొస నుంచి చిన్న ముక్క కోసి రంగు చూసే కన్నొకటి ఉందట ఆ యంత్రానికి. ఆ కన్నుని పట్టుకుని మీ అన్నయ్య, గడియారం గొడవపడి, అలిగి, మళ్ళీ కూర్చుని, చివరికి "దాకా" నేర్పారు. ఇప్పుడు ఆరేదాకా, తేలేదాకా, మునిగేదాకా, అన్నిటికీ అదే. ఒత్తిడి ఉండగా కాగు మూత లేవకుండా పట్టే పాత ఇనుప గడియలు కూడా పీకేశారు, చిలకే చూసుకుంటుంది కదా అని మేనేజరు చెప్పాడట.

నేను కడిగే తొట్ల దగ్గర ఉంటాను కదా. నాకున్న బాధ ఒక్కటే. ఒక తెర మీద నేర్పింది ఇంకో తెరకి రాదు. ఒక తొట్టికి నేర్పి, పక్క తొట్టికి నేర్పి, దాని పక్కదానికి నేర్పేసరికి నాకు నోరు ఎండిపోతోంది. బళ్ళో ఒక పిల్లకి చెప్తే తరగతి మొత్తానికి చెప్పినట్టు కాదా? ఆ మాత్రం తెలివి నీ చిలకకి పెట్టలేవా?

వదిన


ఆఫీసు గది
వాన పడుతోంది, అట్టముక్క నానింది

వదినా,

"దాకా" గురించి చదివి కుర్చీలోంచి లేచాను. కూర్చున్నచోట కూర్చోలేని దాన్నని నువ్వెప్పుడూ అంటావు కదా, గదంతా తిరిగాను. ఆ వాక్యం నేను పెట్టలేదు వదినా. దాన్ని ఎలా అల్లాలో తేలక, తర్వాత చూద్దామని పక్కన పెట్టేశాను. అన్నయ్య, గడియారం తాను ముక్క పట్టుకుని దాన్ని అల్లేశారు. నాలుగేళ్ళు చదివినదాన్ని నేను బోర్డు మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. పెద్దసారుకి చదివి వినిపిస్తే, ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మెచ్చుకోవడమంటే అదే.

నువ్వడిగింది చేశాను. ఇక ఒకచోట నేర్పితే మిల్లంతా వస్తుంది. ఈ వారమే మీ తెరలకి చేరుతుంది.

దీని మీద పెద్దసారుకీ నాకూ చిన్న మాట పట్టింపు వచ్చింది. కొత్త మాట కొత్తగా మొదలయ్యే పనికే వర్తించనీ, అప్పటికే నడుస్తున్న పనికి పాత అర్థమే ఉండనీ అన్నారాయన. సగం దూరం వెళ్ళిన బండికి దారి మార్చకూడదని ఆయన సామెత. నేను ఒప్పుకోలేదు. నడుస్తున్న కాగుని మధ్యలో సరిదిద్దడమే కదా చిలక గొప్ప, అది తీసేస్తే మిగిలేది గుడ్డి గవ్వ అన్నాను. అదీగాక ఆయన చెప్పినట్టు చేస్తే ఇంకో నెల పడుతుంది, నువ్వేమో నోరు ఎండిపోతోందని రాశావు. ఆయన కాసేపు కిటికీలోకి, అంటే అట్టముక్కలోకి, చూసి "నీ ఇష్టం" అన్నారు.

నా ఇష్టమే. ఎవరు నేర్పారో పేరు రాసిపెట్టుకునే ఏర్పాటు కూడా పెట్టలేదు, అదీ నా ఇష్టమే. మాట నోట్లోంచి వచ్చాక అందరిదీ. మనం వాడే మాటల్లో ఏది ఎవరు చేశారో మనకేమన్నా తెలుసా?

నీ మరదలు


తొట్ల దగ్గర, టీ వేళ

అమ్మాయ్,

ఇది ఇక్కడే కూర్చుని రాస్తున్నా, కాగితం మీద నీటి చుక్కలు పడితే నన్నేం అనకు.

నువ్వు చేసింది పనిచేస్తోంది. పొద్దున పని మొదలయ్యాక ఒక మాట నేర్పాను, చివరి తొట్టిదాకా ఒక్క దెబ్బకి పాకింది. నాకు భలే సరదా వేసింది. నీ "చల్లారాక" ఉందే, దానితో నాకు ప్రాణం విసిగిపోయింది. మా తొట్లకి మూత పేరుకే, ఒక రేకు. లోపల ఆవిరి లేదు, ఒత్తిడి లేదు. ఉత్త వేణ్నీళ్ళు. వాటిని కూడా అరవైకి దిగేదాకా పట్టుకుని కూర్చుంటే తాన్లు అక్కడ గుట్టలు పడుతున్నాయి. అందుకని ఇలా నేర్పాను: ఇకనుంచి చల్లారాక అంటే వేడి ఎనభైకి దిగాక. అంతే. ఒక్క వాక్యం. గుట్ట కరిగిపోతోంది.

ఇందాక టీ దగ్గర మీ అన్నయ్యకి గొప్పగా చెప్పుకున్నా. "గడియారం గాలి నీకూ తగిలిందే" అన్నాడు. అంటే ఈ రోజుకి ఆయన మాటల కోటా అయిపోయింది. కప్పు కడిగి పెట్టి, పొద్దున పెట్టిన నల్లరంగు కాగు చూడాలని పోయాడు. ఈ మధ్య ఆయన ముఖం తేటగా ఉంది. నీ చిలకంటే ఇష్టం. పైకి చెప్పడు కానీ తెర మీద దుమ్ము తన తువాలుతో తుడుస్తాడు, ఆ తువాలు నేను తాకితే ఊరుకోడు.

గంట కొట్టారు. పోస్టు సంచి వెళ్ళిపోతోంది, ఇంతటితో ఆపుతా.

వదిన


క్వార్టరు, ముందు గది

అమ్మాయ్,

నువ్వు బస్సెక్కిన మర్నాడు మీ అన్నయ్యని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. ముందు గదిలో మంచం వేశాం. పడుకున్న చోటు నుంచి వీధి కనిపిస్తుంది కానీ ఆయన గోడ వైపే తిరిగి ఉంటాడు. కుడిచెయ్యి భుజం దాకా, మెడ, చెంప కాలాయి. కన్ను దక్కింది. వేళ్ళు అతుక్కోకుండా మధ్యలో గుడ్డపీలికలు పెడుతున్నాను. కట్టు విప్పేటప్పుడు ఆయన అరవడు. అరిస్తే బాగుండుననిపిస్తుంది.

నువ్విక్కడ ఉన్నన్నాళ్ళూ నిన్నొక మాట అడగలేదు. అది ఆస్పత్రి వరండాలో అడిగేది కాదు. ఇప్పుడు అడుగుతున్నాను. నల్లరంగు కాగు మూత దానంతటది లేచింది. ఆయన దాని అంచు మీద బిగుసుకున్న బోల్టు తిప్పుతున్నాడు. ఏ కాగు ఎంతసేపటికి చల్లారుతుందో ఆయనకి ఒంట్లోనే లెక్క ఉంటుంది, తెర చూడక్కర్లేదు. ఇంకా చాలా టైముందనుకున్నాడు. లోపల ఒత్తిడి అలాగే ఉంది. కాగులో నీళ్ళన్నీ మీద పడ్డాయి.

మేనేజరు అంటున్నది ఏమిటంటే, ఎవరో "చల్లారాక" అర్థం మార్చారట. అది ఎవరో తేలేదాకా మందుల ఖర్చు గురించి మాట్లాడనంటున్నాడు. మీ అన్నయ్యే మార్చి మర్చిపోయాడని కూడా మెల్లగా ఒక మాట వదిలి చూశాడు. ఆయన్ని అడిగితే "వదిలెయ్" అంటాడు. ఎన్నిసార్లడిగినా అదే. ఒళ్ళు కాలినవాడికి వదిలెయ్యడం ఎలా వస్తుందో నాకు తెలియదు. కట్టు విప్పేదాన్ని నేను, నాకు రావడం లేదు.

ఆ చిలకని కన్నదానివి నువ్వు. ఎవరు నేర్పారో నీకు తెలుస్తుంది. చెప్పు.

వదిన


ఆఫీసు గది

వదినా,

అన్నయ్య వేళ్ళ సంగతి చదివాక చాలాసేపు నా వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. కట్టు విప్పే ముందు గుడ్డ తడుపుతున్నావా? ఆ నర్సు చెప్పింది గుర్తుంది కదా, పొడిగా లాగకూడదని. నిద్ర పడుతోందా? నీకు కూడా.

నువ్వడిగిన దానికి జవాబు నీకు నచ్చదు. ఎవరు నేర్పారో చిలక గుర్తుపెట్టుకోదు. ముందే రాశాను కదా, పేర్లు రాసిపెట్టుకునే ఏర్పాటు నేను పెట్టలేదు. మాట ఉంటుంది, మాట తెచ్చిన మనిషి ఉండడు. కాబట్టి అది ఎవరికీ తెలిసే అవకాశం లేదు. మేనేజరుకి ఆ మాటే చెప్పు. ఎవరు మార్చారన్నది కాదు వదినా, మార్చగానే మరుగుతున్న కాగుకి కూడా అది అంటుకుంది చూడు, తప్పు అక్కడుంది. అంటే నా దగ్గర. రిపోర్టులో అలాగే రాస్తున్నాను. మందుల సంగతి ఆ రిపోర్టుతో తేలిపోతుంది. నువ్వు ఎవర్నీ వెతకొద్దు. అన్నయ్య చెప్పినట్టు వదిలెయ్.

పెద్దసారు ఈ మధ్య నాతో ఎక్కువ మాట్లాడడం లేదు. సామెత కూడా చెప్పలేదు. చెప్తే బాగుండు.

ఈ ఆదివారం వస్తాననుకున్నాను, రిపోర్టు పని పడింది. పై వారం తప్పకుండా.

నీ మరదలు


క్వార్టరు

అమ్మాయ్,

పై వారం అన్నావు, రాలేదు. సరేలే, పనులుంటాయి.

నీ చిలకకి గుర్తుండకపోతే మనుషులకి గుర్తుంది. చల్లారడానికి ఇంతసేపా అని రోజూ కాగు ముందు నిలబడి గొణిగేది ఎవరు? షిఫ్టు అయిపోకముందే చేతులు కడుక్కునేది ఎవరు? "దాకా" నేర్పినవాడికి ఇంకో మాట నేర్పడం ఎంత పని? ఇదంతా మేనేజరుతో చెప్పాను. పదిమంది ముందే చెప్పాను. గడియారం నా వైపు చూసి, నేను కాదమ్మా అన్నాడు. ఒక్కసారే అన్నాడు. నిజంగా కానివాడైతే నాలుగుసార్లు అనడా అని అక్కడున్నవాళ్ళు కూడా అన్నారు.

అతన్ని పనిలోంచి తీసేశారు. నిన్న క్వార్టరు ఖాళీ చేశాడు. పరుపు చుట్టి తోపుడుబండి మీద వేసి, దాని మీద భార్యని కూర్చోబెట్టి తోసుకుంటూ పోయాడు. ఆవిడకి నడుం నొప్పి. మా గుమ్మం ముందు నుంచే పోయాడు. అప్పుడు నేను మందు రాస్తున్నాను. మీ అన్నయ్య ఇన్నాళ్ళకి గోడ వైపు నుంచి ఇటు తిరిగి, బండి మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత ఆ పూట అన్నం ముట్టలేదు. నీకోసం చేశాను కదా అన్నాను. "నేను అడిగానా?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను గట్టిగా అన్న మాట ఇదొక్కటే.

నాకు కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. ఎందుకో తెలియడం లేదు.

కాగు మూత లేచిన రోజు పొద్దున నీకొక ఉత్తరం వేశాను. అందిందో లేదో నువ్వు రాయలేదు. అందినా చదవకు. అది రాసినది వేరే మనిషి.

వదిన


ఆఫీసు గది
పెద్దసారు, జమాఖర్చులావిడ ఇళ్ళకి వెళ్ళిపోయారు

వదినా,

ఈ ఉత్తరానికి బదులు బస్సెక్కి రావాలి. స్టాండు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నీ ఎదురుగా నిలబడితే, నువ్వు అన్నం పెడితే, నేను తిని "బాగున్నాను" అని వచ్చేస్తాను. నన్ను నాకు తెలుసు. అందుకని రాస్తున్నాను.

ఆ ఉత్తరం అందింది. మీ దగ్గర నుంచి నేను తిరిగొచ్చేసరికి తలుపు కింద ఉంది. మడతలో ఎండిన నీటి చుక్కల మరకలున్నాయి.

చల్లారాక అర్థం మార్చింది గడియారం కాదు. నువ్వు.

తొట్ల కోసం నేర్పావు. తొట్ల తెర మీద నేర్పావు కాబట్టి తొట్లకే పరిమితం అనుకున్నావు. ఎవరైనా అలాగే అనుకుంటారు. వేణ్నీళ్ళ తొట్టికీ ఒత్తిడి కాగుకీ తేడా తెలియని మనిషి మీ మిల్లులో లేడు. చిలకకి మాత్రం తెలియదు. దానికి తెలిసింది ఒకటే, ఒకచోట విన్నది అన్నిచోట్లా పాటించడం. అలా చెయ్యమని నువ్వడిగావు, పెద్దసారు వద్దన్నా చేసింది నేను. నువ్వు వాక్యం నేర్పిన వేళకి నల్లరంగు కాగు మరుగుతోంది. అన్నయ్య దాన్ని పొద్దున పాత అర్థంతో మొదలుపెట్టాడు. మధ్యలో అర్థం మారిపోయింది. ఎనభై దగ్గర, ఒత్తిడి చూడకుండానే, మూత లేచింది.

చదివిన క్షణంలోనే నాకిది తెలిసిపోయింది. చిలకకి గుర్తుండదు, ఎవరికీ తెలిసే అవకాశం లేదు అని నీకు రాసినప్పుడు నీ ఉత్తరం నా మోచేతి కింద ఉంది. నీకు తెలియకపోతే చాలనుకున్నాను. కట్టు విప్పే మనిషికి ఇది చెప్పి ఏం సాధిస్తానని. నువ్వు ఇంకొకరిని వెతుకుతావని తెలిసీ, వెతకొద్దు అని ఒక్క ముక్క రాసి నా పనైపోయిందనుకున్నాను. ఆ తోపుడుబండి నీ ఒక్కదాని వల్ల కదలలేదు.

రిపోర్టు ఇచ్చేశాను. తప్పు భాషదే అని రాశాను, అది నిజం కూడా. పెద్దసారు సంతకం పెట్టి కలం మూత పెట్టారు. ఇక చిలకకి ఎవరూ ఏమీ నేర్పలేరు. నేర్చుకునే దారి పూర్తిగా మూసేశాను. మీ తెరల మీద ఇక వాక్యాలుండవు, మీటలుంటాయి. "దాకా" కూడా పోయింది వదినా. దాన్ని తుడిచేటప్పుడు అన్నయ్య తువాలు గుర్తొచ్చింది.

కానీ గడియారం పేరు రిపోర్టులో ఎక్కడా లేదు. పేరే లేనివాడి గురించి, తప్పు అతనిది కాదు అని చెప్పడం రిపోర్టుకి చేతకాదు. ఆ పని నీ నోటితోనే కావాలి. ఇంత రాసి నీ మీదే పెడుతున్నానని తిట్టుకో.

నీ మరదలు


క్వార్టరు. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చదివి బియ్యం డబ్బాలో పెట్టాను. రోజూ డబ్బా తియ్యాల్సిందే కదా. అలాగైతే తప్పించుకోలేనని.

నాకు తెలియలేదు అని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. తెలియకుండా ఉండడానికి చాలా కష్టపడ్డానేమో అనిపిస్తోంది. లేకపోతే ఆ పొద్దుటి ఉత్తరం చదవొద్దని నీకెందుకు రాస్తాను? గడియారం మీద అంత గట్టిగా ఎందుకు అరుస్తాను? నేనెప్పుడూ అరిచే మనిషిని కాదు.

మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. అతను విన్నాడు. రిపోర్టు వచ్చేసింది, భాష తప్పని తేలిపోయింది, ఇప్పుడు మళ్ళీ ఎందుకు కదుపుతావు అన్నాడు. గడియారాన్ని వెనక్కి పిలవమన్నాను. మీటలు వచ్చాక కాగుల మీద ఒక్క మనిషి చాలట, ఆ ఒక్కణ్ణీ పనిలో పెట్టేసుకున్నారట. తప్పు ఒప్పుకున్నానని రాసి ఇమ్మన్నాడు, ఇచ్చాను. దానితో నా పని పోయింది. అతని పని మాత్రం రాలేదు.

గడియారం ఉంటున్న చోటు కనుక్కుని వెళ్ళాను. సామాన్ల గోదాము పక్కన ఒక రేకుల గది. మెట్టు మీద కూర్చుని చిరిగిన గొడుగు కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు, కూర్చోమ్మా అన్నాడు, లోపలి నుంచి స్టూలు తెచ్చాడు. నేను నిలబడే చెప్పాను, మొత్తం. అతను సూది గొడుగు గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు. ముందు మీ అన్నయ్య చెయ్యి ఎలా ఉందని అడిగాడు. వేళ్ళు ముడుస్తున్నాడా అని. తర్వాత అన్నాడు, "నన్నన్న మాట నువ్వు వెనక్కి తీసుకున్నావు, మంచిదే. పదిమంది ముందు అన్నావు కదమ్మా. ఆ పదిమంది దగ్గర్నుంచి ఎవరు తీసుకొస్తారు?"

కోపంగా అనలేదు. దారి అడిగినట్టు అడిగాడు. ఇప్పటికి ఏడెనిమిది మందికి చెప్పాను. అందరూ తల ఊపుతారు. మొన్న పంపు దగ్గర ఒకావిడ, పాపం ఆ గడియారం చేసిన పనికి మీ ఆయన అని మొదలుపెట్టింది. ఆమెకి నేనే చెప్పి వారం కాలేదు.

నిన్ను తిట్టాలని చాలాసార్లు కలం తీశాను. తిట్టేముందు నీ ఉత్తరం ఇంకోసారి చదివితే, ఒకటి నేర్పితే అంతటా రావాలని అడిగింది నేనేగా అని ఆగిపోతాను. నువ్వు రానక్కర్లేదు ఇప్పుడు. కొన్నాళ్ళు పోనీ. రాయి, చదువుతాను.

ఇంకొక్కటి. ఇది చెప్పకుండా ముగిద్దామనుకున్నాను, కానీ పేజీ మిగిలింది.

మీ అన్నయ్యకి మొదటి నుంచీ తెలుసు. మూత లేచిన క్షణంలోనే తెలుసట. అంతకు కాసేపటి ముందే టీ దగ్గర నేను గొప్పగా చెప్పుకున్న మాటే కదా. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. నేను మందు గిన్నె పట్టుకుని ఉన్నాను. ఆయన చెయ్యి నా ఒళ్ళో ఉంది.

"రోజూ కట్టు విప్పేది నువ్వు కదా" అన్నాడు. "తెలిస్తే నీ చెయ్యి వణుకుతుంది. నొప్పి నాకే."

ఇప్పుడు వణుకుతోంది. ఆయన ఏమీ అనడం లేదు.

వదిన